ప్రింటర్ ఒక్క కంప్యూటర్‌కేనా?

మన శాఖ ప్రింటర్ యూఎస్‌బీ తీగ మేడమ్ గారి కంప్యూటర్‌కే ఉంది. ఆమె క్లాసులో ఉంటే మనం గేటు బయట జెరాక్స్ షాపుకి పోవాల్సిందే. అక్కడ అనూ ఫాంటు లేదు. పోయిన వారం నా సెమినార్ పేపర్ తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు! షాపు అన్న తమిళంలో "ఇదేం భాషమ్మా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కొత్త ప్రింటర్ అడగడం లేదు. ఆ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ పెడితే చాలు, అదే నెట్‌వర్క్‌లో ఉన్న మన మిగతా రెండు కంప్యూటర్ల నుంచీ ప్రింట్ తీయొచ్చు. వాటిలో అనూ ఉంది. కాకపోతే మేడమ్ గారి కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, స్లీప్‌లోకి పోకూడదు.

అందులో ఇంటర్నల్ మార్కులున్నాయని మేడమ్ గారి భయం. భయం న్యాయమే. కానీ ప్రింటర్‌ని షేర్ చేసినంత మాత్రాన మార్కుల ఫోల్డర్ షేర్ కాదు, దాన్ని విడిగా షేర్ చేస్తే తప్ప. కాగితం ఖర్చంటారా, తలా కొంచెం వేసుకుందాం.