అతిథులకు దారి, ఇంటివారికి దారి

ఇంటికి వచ్చిన యతిథిని ఆదరించుట గృహస్థధర్మములలో మొదటిదని మన పెద్దలు నేర్పిరి. కాని బియ్యపు కుండకు అడుగు గలదనియు, నూతిలోని నీటికి లోతు గలదనియు గృహిణికి తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. ద్రౌపదీదేవికి అక్షయపాత్ర యుండెను గదా యందురేమో! అదియును ఆమె భుజించినంతనే ఆనాటికి నిండుకొనెడిది. దుర్వాసుడు శిష్యసమేతుడై వచ్చినది సరిగా ఆ వేళకే. కావున అతిథులెందఱు, ఏ వేళకు వత్తురు, ఏ దారిని వత్తురు అనునవి యిల్లాలు విచారింపదగిన విషయములే. ఈ మాసమున అట్టి విచారమునందున్న యొక చిన్న దేశమును గూర్చి సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఆ దేశము పేరు స్లొవీనియా. ఐరోపాఖండమున, ఆల్ప్స్ పర్వతపంక్తికి తూర్పుకొసను, ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియా దేశముల నడుమ నున్నది. 1991వ సంవత్సరమున యుగోస్లావియానుండి విడివడి స్వతంత్రమయ్యెను. వైశాల్యము 20 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెము పైమాట. 2022లో రెండుగా విభజింపబడకముందు మన అనంతపురము జిల్లా యెంతయో ఇంచుమించు అంతయే. జనులు మాత్రము 21 లక్షలు. ఆ జిల్లా జనసంఖ్యలో సుమారు సగము. దేశమున సగముకంటె నెక్కువ నేల అడవియే. అన్నిటికంటె నెత్తైన శిఖరము ట్రిగ్లావ్, 2,864 మీటర్లు. మూడు తలలది యని ఆ పేరునకు అర్థము. ఆ దేశస్థులకు ఆ కొండయం దెంతటి భక్తి యనగా, జాతీయపతాకముమీద దానినే చిత్రించుకొనిరి.

అచ్చటి బ్లెడ్ సరస్సు ఐరోపాయందంతట ప్రసిద్ధము. సరస్సు నడుమ నొక చిన్న దీవి; దీవిపై క్రైస్తవాలయము; రేవునుండి ఆలయమునకు 99 రాతిమెట్లు. అచ్చట వివాహమాడవచ్చిన వరుడు వధువును చేతులపై నెత్తుకొని ఆ మెట్లన్నియు నెక్కుట ఆచారము. అంతవఱకు ఆమె నోరు మెదపరాదట! ఈ నియమము పురుషులు కల్పించినదో స్త్రీలు కల్పించినదో పాఠకురాండ్రే నిర్ణయింతురు గాక. ఆ నీటిపై యాత్రికుల నిమిత్తము యంత్రపు పడవలు తిరుగవు. పడవవాడు నిలుచుండి తెడ్లు వేయు చదునడుగు నావలే వారిని దీవికి చేర్చుచున్నవి.

ఈ దేశమువారు తమ యింటిని చక్కబెట్టుకొని చుట్టములను పిలుచుటలో నేర్పరులు. ముఖ్యపట్టణమైన లుబ్లియానాలో 2007లో నడిబొడ్డు వీధులనుండి మోటారుబండ్లను తొలగించిరి. నడువలేని వృద్ధులను విద్యుచ్ఛక్తితో నడచు చిన్న బండ్లలో నుచితముగా చేరవేయుచున్నారు. 2016లో ఆ పట్టణమునకు ఐరోపా హరిత రాజధాని యను బిరుదు లభించెను. ఆ యేటనే గ్రీన్ డెస్టినేషన్స్ అను సంస్థ ప్రపంచమున మొట్టమొదటి హరిత యాత్రాదేశముగా స్లొవీనియాను ప్రకటించెను. మంచినీటి హక్కును రాజ్యాంగమున వ్రాసికొన్నదియు ఆ యేటనే. పల్లెలలో పెక్కు వ్యవసాయ కుటుంబములు తమ యింటనే యాత్రికులకు బసయు, తమ పొలమున పండినదానితో భోజనమును ఏర్పఱచి, సేద్యమునకు తోడుగా నాలుగు రూకలు గడించుకొనుచున్నవి. ఇట్టి యిండ్లలో ఆ పని భారమెవరి భుజములపై నుండునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పిలిచినచో చుట్టములు రాకుందురా? 2019లో ఆ దేశమునకు వచ్చిన యాత్రికులు 62 లక్షలు. అనగా పసిబిడ్డ మొదలు పండుముదుసలి వఱకు ఒక్కొక్కరికి ముగ్గురేసి యతిథులన్నమాట. జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా వంటి సమీపదేశములనుండి స్వంత కార్లలో వచ్చువారు వీరిలో మిక్కుటము. వేసవి వచ్చినచో బ్లెడ్ సరస్సు చుట్టును కార్లు క్రిక్కిరిసిపోవును. నీటిని యంత్రపు పడవలనుండి కాపాడుకొన్నవారు ఒడ్డును కార్లనుండి కాపాడుకొనుట కష్టమగుచున్నది.

ఇక ఆకాశమార్గము సంగతి. 1961నుండి ఆ దేశమునకు అడ్రియా ఎయిర్‌వేస్ అను స్వంత విమానసంస్థ యుండెను. లుబ్లియానాకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున బ్ర్నిక్ గ్రామమువద్ద విమానాశ్రయము గలదు. 2018లో అచ్చట విమానములెక్కి దిగినవారు 18 లక్షలమంది. ఆ సంస్థ 2016లో ప్రైవేటువారికి విక్రయింపబడి, అప్పుల పాలై, 2019 సెప్టెంబరు 30వ తేదీన తన విమానములను నిలిపివేసెను.

ఈ వార్త చదివినపుడు మాకు పెద్దనగారి ప్రవరుడు జ్ఞప్తికి వచ్చెను. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని అతడు రెప్పపాటున హిమాలయమునకు పోయెను. వింతలన్నియు చూచి మరల మధ్యాహ్నమునకే యిల్లు చేరుకొందుననుకొనెను. మంచు సోకి లేపము కరగిపోగా ఏమియు తోచక యింటికి దారి నడుగుచు తిరుగవలసివచ్చెను. ఎగిరిపోవుట సులభము, ఎగిరించునది కరగిపోయిననాడు గదా మనము దానిపై నెంతగా నాధారపడితిమో తెలియుట!

స్లొవీనియాకు లేపము పూర్తిగా కరగిపోలేదు. కొలదికాలములోనే ఇతరదేశముల సంస్థలు ఫ్రాంక్‌ఫర్టు, జూరిచ్ మొదలగు పట్టణములకు విమానములను నడుపసాగెను. అయినను పూర్వమున్న దారులన్నియు తిరిగి రాలేదు. వెంటనే 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి ఉన్నవానినిగూడ తగ్గించెను. ప్రభుత్వమే యొక క్రొత్త సంస్థను నెలకొల్పవలెనని కొందఱు వాదించిరి. తుదకు 2023నుండి, లుబ్లియానాకు విమానములు నడుపువారికి ప్రభుత్వధనముతో సహాయము చేయు పద్ధతి నారంభించిరి.

ఇందుపై సోదరీమణులలో కొందఱు ఇట్లనవచ్చును: "విమానము విడుచు పొగవలన భూమి వేడెక్కుచున్నదందురు. హరితదేశమని బిరుదు వహించినవారు తమ విమానసంస్థ పోయినందుకు సంతోషింపక, సొమ్మిచ్చి యితరులను పిలుచుకొనుట యేమి?" ప్రశ్న సమంజసమే. కాని చిన్న దేశములో నివసించువారి కష్టము వేఱు. బ్ర్నిక్‌లో విమానము లేకున్నచో యాత్రికుడు మానుకొనడు. వెనిస్ నగరములోనో, జాగ్రెబ్ నగరములోనో దిగి, అచ్చట కారు నద్దెకు తీసికొని, వందలకొలది కిలోమీటర్లు తిరిగి వచ్చును. పొగ పోలేదు, పొరుగువారి పెరటిలోనికి మాఱినది. దానికి తోడు బ్లెడ్ ఒడ్డున మఱియొక కారు చేరినది.

ఇంకొక చిక్కు గలదు. విమానము నడుపువాడు ధర్మసత్రము నడుపుట లేదు. ఆసనములు నిండినగాని నడుపడు. 21 లక్షల జనులు, అందును దేశాంతరము పోవలసినవారు కొలదిమంది, వేయేల, పెద్ద నగరములో నొక పేట జనమైనను కారు. కావున ఇంటివారికి దారి నిలువవలెనన్నచో అతిథులును ఆ దారినే రావలెను. అతిథులు మితిమీఱినచో ఇల్లు నిలువదు. ఈ రెంటి నడుమనే ఆ దేశము చిక్కుకొనియున్నది.

ఇంటివారికి దారి యెందులకందురా? ఆ దేశపు స్త్రీల చరిత్రనుండియే యొక నిదర్శనము చెప్పెదము. 1869లో సూయజ్ కాలువ తెఱచినపిమ్మట ఈజిప్టుదేశమున, అందును అలెగ్జాండ్రియా నగరమున, ధనికులు పెచ్చుపెరిగిరి. స్లొవీనియా పడమటి పల్లెలలో, విపావా లోయలోను దాని పరిసరములందును, అప్పులలో మునిగిన యిండ్ల పడుచులు ట్రీస్టు రేవున ఓడలెక్కి అచ్చటికి దాదులుగను, పరిచారికలుగను పోయిరి. కొందఱు చంటిబిడ్డలను తమ తల్లుల యొడిలో విడిచి, పరుల బిడ్డలకు పాలిచ్చిరి. వారు పంపిన సొమ్ముతో ఎన్నో యిండ్లు, పొలములు అప్పులనుండి విడివడినవి. వారిని అలెక్సాంద్రింకెలనిరి. ఇరువదవ శతాబ్ది నడుమ వఱకును ఈ ప్రయాణములు సాగినవి. సంవత్సరములకొలది బిడ్డ ముఖము చూడక, తిరిగివచ్చిననాడు తన బిడ్డయే తన్ను గుర్తింపక పోగా, ఆ తల్లి మన స్సెట్లుండునో ఊహింపుడు. నేడును ఆ దేశపు యువజనులు చదువులకును ఉద్యోగములకును పరదేశములకు పోవుచున్నారు. తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చినపుడు బిడ్డకు సాయంకాలమునకు ఇల్లు చేరుదారి కావలెను. ఇట్టి దారిని విలాసమని కొట్టివేయుటకు మాకు నోరాడదు.

అయినను రెండవ వైపునుగూడ చూడవలెను. ట్రిగ్లావ్ శిఖరము క్రింద నొక హిమానీనదము గలదు. 1946లో కొలిచినపుడు అది సుమారు 14 హెక్టారులు. ఇప్పుడు ఒక్క హెక్టారైనను లేదు. 2023 ఆగస్టులో ఆ దేశము స్వతంత్రమైన తరువాత ఎన్నడు నెఱుగనంతటి వఱదలు వచ్చి యిండ్లను, వంతెనలను కొట్టుకొనిపోయినవి. ఆల్ప్స్ పర్వతములు తక్కిన ప్రపంచముకంటె త్వరగా వేడెక్కుచున్నవని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు. ఏ మంచుకొండను చూచుటకై అతిథి యెగిరి వచ్చుచున్నాడో, ఆ మంచు అతడు వచ్చు దారివలననే కొంత కరగుచున్నది. ప్రవరుని కథలో మంచు లేపమును కరగించినది. ఈ కథలో లేపమే మంచును కరగించుచున్నది!

మఱి కర్తవ్యమేమి? మా మనసునకు తోచినది విన్నవించుకొందుము. అతిథులను తలలతో లెక్కించుట మాని రాత్రులతో లెక్కించుట మేలు. ఎక్కి దిగుటకు పొగ విడుచు విమానము, యాత్రికుడు ఒక్క పూట నుండినను పది దినములుండినను ఒక్కటే పొగ విడుచును. పూటలో సరస్సు చూచి, పటము తీసికొని పోవువాడు చెత్తను, రద్దీని మిగుల్చును. పది దినములు నిలిచి, యొక పల్లెయింట బస చేసి, ఆ యింటి రొట్టె తినువాడు ఆ యింటికి ఆదాయమును మిగుల్చును. వేసవి రెండు నెలలలోనే యందఱు వచ్చి పడుటకంటె పండ్రెండు నెలలకును పంచినచో విమానపు టాసనములును నిండును, ఇల్లును ఊపిరి పీల్చుకొనును. ప్రజాధనమిచ్చి తెప్పించు విమానమైనచో, అది యేడాది పొడుగున, ఇంటివారికి పనికివచ్చు పట్టణములకు నడువవలెనను షరతుతోనే యీయవలెను.

రెండవది, దగ్గఱి దారికి విమానమక్కఱలేదు. వియన్నానుండి లుబ్లియానా మీదుగా ట్రీస్టు రేవునకు రైలుమార్గము 1857లోనే పూర్తియైనది. 1906లో కొండలు తొలిచి వేసిన బొహీన్ మార్గము బ్లెడ్ సమీపముననే పోవుచున్నది. ఆ కాలమున అంతటి శ్రమకోర్చి వేసిన దారులు నేటికిని ఉన్నవి. కాని వియన్నా–లుబ్లియానా ప్రయాణమునకు రైలులో ఆఱు గంటలు పట్టుచున్నది. కారులో నాలుగు గంటలకే చేరుదురు. ఇట్లున్నచో ఎవరు రైలెక్కుదురు? ఈ పట్టాలను బాగుచేసి, రైళ్లను పెంచి, వేగపఱచుటకు వెచ్చించు సొమ్ము అతిథికిని ఇంటివారికిని సమముగా నుపయోగించును. విమానమును దూరపు దారులకు మాత్రము మిగుల్చుకొనవచ్చును.

సోదరీమణులారా! మన యిండ్లలో పెండ్లి వచ్చినపుడు మనము చేయు పని యిదియే గదా! దూరపు చుట్టములు నాలుగు దినములు నిలుతురని వారికి గది, పడక చూతుము. దగ్గఱివారు ముహూర్తమునకు వచ్చి పోదురని వారికి విస్తరి చూతుము. అందఱు నొక్క పూటకే వచ్చి పడకుండ కబురు పంపుదుము. ఆడపడుచు వచ్చు దారికి బండి కట్టించుటలో మాత్రము లోభింపము. ఒక దేశము చేయవలసినదియు ఇంతకంటె వేఱు కాదని మా యభిప్రాయము. ఈ సెలవులలో మీలో నెవరైనను కొండలు చూడబోవుచున్నచో, అవి యే దేశపు కొండలైనను సరే, ఒక్క పూటకు మూడు ఊళ్లు చుట్టుట మాని, ఒక్క యూరిలో నాలుగు దినములు నిలువుడు. మీకు వండిపెట్టిన యిల్లాలి పేరు తెలిసికొని రండు.