ఏకగ్రీవంలో నొక్కింది ఎవరి గొంతు?



స్థానిక ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు టీవీల్లో ఒకటే లెక్క నడుస్తుంది. ఏ పార్టీకి ఎన్ని వచ్చాయి, ఎవరు ఊడ్చేశారు, ఎవరు తుడిచిపెట్టుకుపోయారు. 2021 మార్చి 14న పురపాలక ఫలితాలు వచ్చినప్పుడూ అంతే. తాడిపత్రి లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప రాష్ట్రమంతా వైసీపీదే అన్నారు. ఆ లెక్క అబద్ధం కాదు. కానీ మన పల్లెలకు కావలసిన లెక్క అందులో ఉండదు.

మనకు కావలసిన లెక్క ఇది: ఒక్క ఓటు కూడా పడకుండా తేలిపోయిన సీట్లు ఎన్ని?

2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 13 వేల పైచిలుకు పంచాయతీల్లో సుమారు 2,200 చోట్ల సర్పంచ్ ఏకగ్రీవం. మండల పరిషత్తుల సంగతి చూడండి. మొత్తం 10,047 ఎంపీటీసీ స్థానాల్లో 2,371 ఏకగ్రీవం, అంటే నాలుగో వంతుకు కొంచెం తక్కువ. 660 జెడ్పీటీసీల్లో 126 ఏకగ్రీవం. ఆ ఊళ్లలో వేలికి సిరా చుక్క పడలేదు. మీట కాదు, నోటా కాదు, అసలు బ్యాలెట్టే లేదు. అయినా సాయంత్రానికి దాన్ని కూడా ఫలితం అనే రాసుకున్నారు.

మాది ఉంగుటూరు. ఏలూరు వైపున్న ఉంగుటూరు కాదు, గన్నవరం పక్కది. నూజివీడు మామిడికి దగ్గరివాళ్లం. ఇక్కడివాళ్లకు ఏకగ్రీవం గురించి చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, తోట గుత్త చాలు. కాయ కళ్లబడకముందే, పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. రైతు, గుత్తదారు కూర్చుని ధర మాట్లాడుకుంటారు. ఆ బేరంలో కాయ కోసేవాడు ఉండడు. ఎర్రటి ఎండలో చిక్కం కట్టిన గెడ పట్టుకుని రసాలు దింపేది, సొన కారి చేతులు పొక్కేది మన పల్లె జనానికి. బేరం దగ్గర మాత్రం మనం లేం. ఏకగ్రీవం కూడా పూత మీద బేరమే. ఓటు అనే కాయ చేతికి రాకముందే ఊరిని గుత్తకు ఇచ్చేయడం.

ఇది ఎలా నడుస్తుందో పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అయినా రాసిపెడదాం, రాయకపోతే అది మర్యాద కిందే చెలామణీ అవుతుంది.

పంచాయతీ ఎస్సీకి రిజర్వు అయింది అనుకోండి. రాజ్యాంగంలోని 243డి ప్రకారం జనాభాను బట్టి వచ్చిన హక్కు అది, ఎవడి దయా కాదు. పెద్ద కులంవాళ్లు అక్కడ పోటీ చేయలేరు. కానీ మనలో ఎవరు పోటీ చేయాలో వాళ్లు తేల్చగలరు. రామాలయం అరుగు మీద నలుగురు కూర్చుంటారు. చదువుకున్నవాడు వద్దు, ప్రశ్నలు వేస్తాడు. సంఘంలో తిరిగేవాడు వద్దు, ఫ్లెక్సీలు కడతాడు. సొంతంగా అరెకరం ఉన్నవాడు కూడా వద్దు, భయం తక్కువ. ఇక మిగిలింది ఎవరు? వాళ్ల చేలో పనిచేసేవాడు, వాళ్లకు అప్పు ఉన్నవాడు. అతని పేరు బయటకొస్తుంది. "ఊరంతా ఒక్క మాట మీద ఉన్నాం" అంటారు. ఆ ఊరంతాలో పల్లె ఉందా అని ఎవరూ అడగరు.

ఆ మీద ఉప సర్పంచ్. ఆ పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులే ఎన్నుకుంటారు. అరుగు మీద కూర్చున్న నలుగురిలో ఒకడు అక్కడికి చేరతాడు. సర్పంచ్ సంతకం పెడతాడు, ఎక్కడ పెట్టాలో ఉప సర్పంచ్ చూపిస్తాడు. తెలంగాణలో 2018 చట్టం ఏకంగా చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నది. రిజర్వేషన్ ఇచ్చిన తాళంచెవికి రెండో చెవి తయారైంది.

మన వైపు నుంచి వినిపించే మాట ఒకటుంది. "పోటీ ఎందుకు అన్నా? తాగుడు, డబ్బు, తగాదాలు. మాల మాదిగలు విడిపోతారు. ఏకగ్రీవమైతే నిధులు వస్తాయి, మన వీధికి సిమెంటు రోడ్డు పడుతుంది." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎన్నికల తర్వాత మొహాలు చూసుకోని ఇళ్లను వాళ్లు చూశారు. కాబట్టి కోపంతో కాకుండా లెక్కతో జవాబు చెబుదాం.

2021 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన నజరానా ఇది. 2 వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5 వేల వరకు 10 లక్షలు, 10 వేల వరకు 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. 4 వేల జనాభా ఉన్న ఊరికి 10 లక్షలు అంటే తలకు 250 రూపాయలు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 50. రోజుకు 14 పైసలు కూడా పూర్తిగా రాదు. ఓటుకు నోటు తీసుకున్నాడని పల్లెవాడిని తిడతారే, ఆ నోటు కన్నా ఇది చౌక బేరం. పైగా దీన్ని ఇచ్చేది సర్కారే, దీని పేరు ప్రోత్సాహకం.

ఒక్క పార్టీనే అనడానికి లేదు. గుజరాత్‌లో 2001 నుంచే సమరస్ పేరుతో ఇది నడిచింది. తెలంగాణలో 2019 పంచాయతీ ఎన్నికలప్పుడు కేసీఆర్ ప్రభుత్వం కూడా ఏకగ్రీవ పంచాయతీలకు లక్షలు ప్రకటించింది. ఆంధ్రలో జగన్ ప్రభుత్వం ఇచ్చిన పేపరు ప్రకటనలు మనం చూసినవే. జెండాలు వేరు, అరుగు ఒకటే. ఈ బహుమతికి పోటీగా ఇంకో బహుమతి ఎప్పుడైనా విన్నారా? స్వేచ్ఛగా పోటీ జరిగిన ఊరికి, ఎస్సీ మహిళ భయం లేకుండా ప్రచారం చేసుకున్న ఊరికి, 5 లక్షలు ఇస్తామన్న ప్రభుత్వం ఏదైనా ఉందా?

2021 జనవరిలోనే మహారాష్ట్రలో ఉమ్రాణే, ఖోండామళి అనే రెండు ఊళ్లలో పదవులను వేలం వేశారని తేలితే అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఎన్నికలు రద్దు చేసింది. ఊరి పెద్దలు వేలం వేస్తే నేరం, సర్కారు ధర కట్టి పిలిస్తే పథకం. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో నాకు ఎవరైనా విడమర్చి చెప్పాలి.

ఊరి ఐక్యత అనే మాట వినగానే బాబాసాహెబ్ ఎందుకు ఉలిక్కిపడ్డాడో ఇక్కడ తెలుస్తుంది. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడే, అణగారిన కులాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయతీని ఆయన వ్యతిరేకించాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనూ గ్రామాన్ని పొగిడేవాళ్లతో ఆయన ఏకీభవించలేదు. ఊరికి ఒకే గొంతు ఉందని ఆయన నమ్మలేదు. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఊరందరికీ కలిపి ఒకే మెడ అన్నమాట. మరి మిగతా మెడలు ఏమయ్యాయి?

తమిళనాడు చూడండి. మధురై జిల్లా మేలవళవు పంచాయతీ ఎస్సీలకు రిజర్వు అయితే మురుగేశన్ అనే దళితుడు అధ్యక్షుడయ్యాడు. 1997 జూన్ 30న ఆయనతో సహా ఆరుగురిని నరికి చంపారు. అదే జిల్లాలోని పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళంలో 1996 నుంచి పదేళ్లపాటు రిజర్వేషన్‌ను నడవనివ్వలేదు. నామినేషన్ పడనివ్వరు, లేదంటే తమ మనిషిని నిలబెట్టి గెలిచిన వెంటనే రాజీనామా చేయిస్తారు. 2006లో గానీ అక్కడ అసలైన ఎన్నిక జరగలేదు. కత్తి, రాజీనామా, ఏకగ్రీవం. మూడూ ఒక్కటని నేను అనను. కత్తికీ అరుగు మీది మాటకూ తేడా ఉంది. కానీ మూడింటి పనీ ఒకటే: సీటు కాగితం మీద మనది, ఊరు వాళ్లది.

"ఇంత చిన్న పదవికి ఇంత గోలా?" అనేవాళ్లకు మన పిల్లలు చదువుకోవడానికి వెళ్తున్న కెనడా కబురు చెబుతాను. 2022 అక్టోబరు 24న అక్కడి ఒంటారియో రాష్ట్రంలో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఓటు వేసినవాళ్లు మూడో వంతు పైచిలుకే. మేయరు, కౌన్సిలర్లతో పాటు స్కూలు బోర్డు సభ్యులను కూడా ఆ రోజే ఎన్నుకుంటారు. ఆ సభ్యుల పేర్లు ఎవరికీ గుర్తుండవు. కానీ 2023 మార్చిలో టొరంటో స్కూలు బోర్డులో కుల వివక్ష ఉందని గుర్తించే తీర్మానం 16-5 ఓట్లతో నెగ్గింది. తీర్మానం పెట్టింది యాళిని రాజకులసింగం అనే సభ్యురాలు. అదే ఏడాది బర్నబీ నగర కౌన్సిల్ తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చింది. అంతకు ముందు ఫిబ్రవరిలో అమెరికాలో సియాటిల్ కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. పార్లమెంట్లు కాదు, ప్రధానులు కాదు. ఈ పని చేసింది వార్డు స్థాయి మనుషులు. అక్కడా పోటీ లేకుండా గెలిచే సీట్లు ఉంటాయి. కానీ పోటీ లేనందుకు ఊరికి సర్కారు డబ్బు ఇవ్వదు.

మన దగ్గరి కథ కూడా వినండి. 2021 నవంబరులో కొండపల్లి మున్సిపాలిటీ ఫలితం వచ్చింది. 29 వార్డులు. టీడీపీకి 14, వైసీపీకి 14, ఒక స్వతంత్రం. ఆ ఒక్క వార్డు కోసం, ఎంపీ, ఎమ్మెల్యేల ఎక్స్ అఫీషియో ఓట్ల కోసం హైకోర్టు దాకా వెళ్లారు. ఒక్క వార్డుకు విలువ లేకపోతే అంత పెద్ద మనుషులు అక్కడ ఎందుకు నిలబడ్డారు? వార్డు విలువ వాళ్లకు తెలుసు. మనకు తెలియకూడదని మాత్రమే వాళ్ల కోరిక.

ఇప్పుడు చట్టం సంగతి. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది ఫోన్లో దాచుకోండి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఎల్) ఉంది. ఎస్సీ ఎస్టీలను నామినేషన్ వేయకుండా బెదిరించినా, వేసినది ఉపసంహరించుకోమని ఒత్తిడి చేసినా, ప్రతిపాదించేవాళ్లను ఆపినా, ఫలానావారికే ఓటు వేయమని బలవంతం చేసినా నేరమే. సెక్షన్ 3(1)(ఎమ్) ప్రకారం గెలిచిన ఎస్సీ ఎస్టీ సభ్యులను, సర్పంచులను, చైర్మన్లను వాళ్ల పని చేయనివ్వకుండా అడ్డుకున్నా నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. 2016 జనవరి 26 నుంచి ఈ రూపంలో అమల్లో ఉంది. కుర్చీ ఇవ్వని సమావేశం, చెక్కు బుక్కు లాక్కున్న పెత్తనం, ఇవన్నీ ఊరి వ్యవహారాలు కావు, కేసులు.

ఇంకో సంగతి. అసలు ఎన్నికే పెట్టకపోవడం కూడా మనకు తగిలే దెబ్బే. ఐదేళ్లకోసారి అని రాజ్యాంగం రాసింది. ఆంధ్రలో 2013 జూలైలో పంచాయతీ ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో 2018 ఆగస్టు నుంచి ప్రత్యేకాధికారుల పాలన. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరితే ఎన్నికలు 2025 డిసెంబరులో. ఆ ఖాళీలో మన వార్డు సభ్యురాలు లేదు, మన సర్పంచ్ లేడు. పెద్ద కులంవాడికి ఎమ్మెల్యే ఇంటి గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మనకు ఉన్న ఒక్క గుమ్మం పంచాయతీ, దానికే తాళం.

కాబట్టి ఎన్నిక ఎప్పుడు వచ్చినా చేయాల్సిన పనులు మూడు.

మొదటిది, అరుగు కన్నా ముందు పల్లె కూర్చోవాలి. మాలలు, మాదిగలు కలిసి కూర్చోవాలి. వర్గీకరణ మీద మన అభిప్రాయాలు ఏమైనా కానివ్వండి, అభ్యర్థిని తేల్చుకునే చోట ఆ గొడవ అరుగు చేతికి కర్ర అందిస్తుంది. మనలో మనం మాట్లాడుకుని ఒక్కరినే నిలబెడితే అది మన నిర్ణయం. అరుగు మీద తేలితే అది ఏకగ్రీవం. ఈ తేడా పట్టుకోండి.

రెండోది, ప్రతి వార్డులో నామినేషన్ పడాలి. రిజర్వు వార్డులోనే కాదు, జనరల్‌లో కూడా. జనరల్ అంటే వాళ్లది అని ఏ చట్టమూ రాయలేదు. ఎస్సీలకు డిపాజిట్ సగమే. ఓడినా ఫరవాలేదు, పోలింగ్ జరిగితే ప్రతి పెద్దమనిషీ మన వీధిలోకి వచ్చి, మన గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, అయ్యా" అనాలి. ఐదేళ్లలో వాళ్లు ఆ మాట అనేది ఆ పది రోజులే.

మూడోది, ఉపసంహరణ రోజు మన అభ్యర్థి ఒంటరిగా ఉండకూడదు. విద్యార్థులు సెలవు పెట్టి ఊరు రావాల్సింది పోలింగ్ రోజుకే కాదు, ఆ రోజుకు. బెదిరింపు వస్తే రిటర్నింగ్ అధికారికి కాగితం మీద ఫిర్యాదు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి నకలు. నోటి మాట ఫిర్యాదు కాదు.

ఈసారి ఫలితాలు వచ్చిన రోజు పార్టీల పట్టిక చూసే ముందు, మీ మండలంలో పోటీ లేకుండా తేలిన పంచాయతీల జాబితా తీయండి. వాటిలో ఎస్సీ రిజర్వు ఎన్నో గుర్తు పెట్టండి. ఆ ఊళ్లకు వెళ్లి అడగండి, నామినేషన్ వేద్దామనుకుని ఆగిపోయినవాళ్లు ఎవరని. వాళ్లే వచ్చే ఎన్నికకు మన అభ్యర్థులు.

జై భీమ్.