గురి తప్పిన సీసా ఎక్కడ పడాలి?



ఛందస్సు, వ్యాకరణం తప్ప వేరొకటి ఎరుగని ఈ పంతులు ఆటల మీద టపా వ్రాయడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. 2023 వేసవిలో అమెరికాలో మా అబ్బాయి ఇంట గడిపిన మూడు నెలలు ఇందుకు కారణం. మనవడు, మనవరాలు, వారి మిత్రులిద్దరు శనివారాలు బల్ల చుట్టూ చేరి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడేవారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలొక పాత్ర వహిస్తారు. ఫలితం తేలనిచోట పాచికలు తీర్పు చెబుతాయి. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేర అమెరికాలో వెలువడిన ఆట ఇది. పిల్లలు వాడేవి మా అబ్బాయి చదువుకునే రోజుల్లో కొన్న పుస్తకాలు. 2003 నాటి 3.5 కూర్పు.

సూత్రాలంటే చెవి కోసుకునేవాణ్ణి కనుక నేనూ ఆ పుస్తకం పట్టాను. అందులో విసిరే సీసాల ప్రకరణం ఒకటి ఉంది. పగిలి చుట్టూ చిందే ద్రవాలవి. ఇంగ్లీషులో స్ప్లాష్ వెపన్ అంటారు. ‘చిందుటమ్ము’ అందామనుకున్నాను గానీ, అమ్ము అంటే బాణం కదా, అతకదు. ‘చిందుసీసా’ అని సరిపెట్టుకుంటున్నాను.

వస్తుధర్మం ఎరిగి కూర్చిన సూత్రాలవి. సీసా విసరడానికి అస్త్రవిద్య నేర్వనక్కరలేదు, ఎవరైనా విసరవచ్చు. శత్రువు కవచం లెక్కలోకి రాదు, తాకితే చాలు. రసవాదాగ్ని అనే సీసా వెల 20 బంగారు నాణేలు. తగిలినవాడికి ఆరు ముఖాల పాచిక చూపినంత నష్టం. అయిదడుగుల లోపల ఉన్న ప్రతివారికీ ఒక్కొక్క అంకె నష్టం, మిత్రులైనా సరే.

అసలు విశేషం గురి తప్పినప్పుడు. బాణం తప్పితే తప్పిందంతే. సీసా తప్పితే మాత్రం ఎనిమిది ముఖాల పాచిక వేయాలి. ఒకటి పడితే విసిరినవాడి వైపే వెనక్కి. రెండు నుంచి ఎనిమిది వరకు ప్రదక్షిణంగా తక్కిన దిక్కులు. విసురుకు పది అడుగులకొక మెట్టు. ఎన్నో మెట్టుకు విసిరితే ఆ దిక్కున అన్ని గళ్ళు జరిగి పడుతుంది. మూలవాక్యం కొంత క్లిష్టంగానే ఉంది; మేము చేసుకున్న అన్వయం ఇది.

ఒక శనివారం మా మనవడు ఇరవై అయిదడుగుల దూరం నుంచి ఒక గోబ్లిన్ మీదికి రసవాదాగ్ని విసిరాడు. తప్పింది. ఎనిమిది ముఖాల పాచిక పడింది. మూడు గళ్ళు లెక్కిస్తే సీసా వాడి చెల్లెలి పాత్ర పక్కన పగిలింది. ఆ మంత్రగత్తెకు మిగిలిన ప్రాణాంకం ఒకటే. అదీ పోయింది.

“గురి తప్పింది కదా! తప్పినదానికి మళ్ళీ నష్టమేమిటి? నువ్వే చెప్పు తాతయ్యా!” అని వాడు నా వంక తిరిగాడు. చెల్లెలు ఏమీ అనలేదు. తన కాగితం మీద ఒకటి కొట్టివేసి సున్నా వ్రాసుకుంది.

ఈ సూత్రం మీద ఆక్షేపణలు ఉన్నాయి. ఒక అంకె నష్టం కోసం మరొక పాచిక, గళ్ళ లెక్క, వాదన. ఈలోగా ముగ్గురు ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఇది కాదనలేను. అందుకే కాబోలు, 2014 నాటి అయిదవ కూర్పులో రసవాదాగ్నికి ఈ తతంగం లేదు. తగిలితే నష్టం, తప్పితే ఏమీ లేదు. ఇదే ఆట నుంచి పుట్టిన ‘పాత్‌ఫైండర్’ 2019 నాటి రెండవ కూర్పులో మధ్యేమార్గం పట్టింది. మరీ ఘోరంగా తప్పితే తప్ప, తప్పిన సీసా కూడా గురి చుట్టూ చిందుతుంది. దిక్కు వెదకే పాచిక మాత్రం లేదు. ఆట వేగం పెరిగింది, నిజమే. అయినా నా ఓటు పాత సూత్రానికే.

మన భారతంలో సౌప్తిక పర్వం చూడండి. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రం వదిలాడు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు ఆ శక్తి లేదు. వదిలిన అస్త్రం ఎక్కడో ఒకచోట పడక తప్పదు. చివరకు అది ఉత్తర గర్భంలోని శిశువు మీద పడింది. ‘తగలలేదు’ అన్నంత మాత్రాన ఆయుధం మాయం కాదని ఆ కథ చెప్పినంత బలంగా మరేదీ చెప్పలేదు.

ఇక నా సంగతి. 1991లో, ఎనిమిదవ తరగతిలో సంధులు చెబుతున్నాను. మూడవ బల్ల మీద ఒక కుర్రవాడు కబుర్లాడుతున్నాడని సుద్దముక్క విసిరాను. ఆ రోజుల్లో అది పంతుళ్ళకు పరిపాటి. అది పక్కవరుసలో తలవంచి వ్రాసుకుంటున్న పిల్లకు కనుబొమ మీద తగిలింది. కంటికి వెంట్రుకవాసి ఎడం. నేను ‘గురి తప్పిందమ్మా’ అన్నాను. తరగతి నవ్వింది. నేనూ నవ్వి పాఠం సాగించాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ళు ఆ సంఘటనను నేను ‘గురి తప్పడం’గానే గుర్తుంచుకున్నాను, ‘తగలడం’గా కాదు. విసిరినవాడి లెక్క అలాగే ఉంటుంది. ఎవరికి తగిలిందని అడిగే సూత్రం నా పుస్తకాల్లో ఉండీ నేను చదవలేదు. పిల్లల ఆట పుస్తకంలో చదివాను.

మనవడికి ఈ కథ చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, తరువాతి వంతులో తన వైద్యపు మందు చెల్లెలి పాత్రకు ఇచ్చాడు. ఆ పని చేయమని ఏ సూత్రమూ చెప్పలేదు. కానీ ఎనిమిది ముఖాల పాచిక పడకపోతే ఆ మందు అవసరమే వాడికి కనిపించేది కాదు.

ఆట వేగం కోసం ఏ సూత్రాన్నైనా కుదించుకోండి, అభ్యంతరం లేదు. తప్పిన సీసా ఎక్కడ పడిందని అడిగే ఆ ఒక్క పాచికను మాత్రం బల్ల మీద ఉండనివ్వండి.