ఆకుపచ్చ డబ్బా కంటి మీదుంటే సరిపోతుందా?

కెమెరా కంపెనీల స్పెక్కుల పేజీల్లో ఈమధ్య ఒక అంకెకి మహా గిరాకీ వచ్చింది. "మా కెమెరా మైనస్ 4 ఈవీ చీకట్లో కూడా ఆటోఫోకస్ చేస్తుంది" అని ఒకరంటే, "మాది మైనస్ 6.5" అని ఇంకొకరు. 2024లో వచ్చిన నికాన్ జెడ్6 త్రీ అయితే ఏకంగా మైనస్ 10. ఒకప్పుడు మెగాపిక్సెళ్ళ మీద నడిచిన వేలంపాట ఇప్పుడు చీకటి మీద నడుస్తోందన్నమాట. దీనికి తోడు మనిషి కంటిని వెతికి పట్టుకుని దాని మీదే ఫోకస్ పెట్టే ఐ-ఏఎఫ్ ఒకటి. ఈ రెండూ పక్కపక్కన చదివిన మామూలు మానవుడికి ఏమర్థమవుతుంది? అమావాస్య రాత్రి కూడా కెమెరా మన కన్ను పట్టేస్తుందని. నన్నడిగితే ఈ రెండిటికీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ఆ ముక్క చెప్పకుండా రివ్యూలు చేసేవాళ్ళు ఎవరి కష్టార్జితానికో ఎసరు పెడుతున్నారని నా ఫిర్యాదు.

ఎవరి కష్టార్జితం అంటారా? మా పిన్ని కొడుకు తెనాలిలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, తెల్లవారుజాము ముహూర్తాలప్పుడు నా కెమెరా కన్ను పట్టుకోవట్లేదు. కొత్త బాడీ చూశా, మైనస్ 6.5 అంట. రెండు లక్షల పైమాటే. ఈఎమ్ఐలో లాగించేస్తా, ఏమంటావ్?" అన్నాడు. వాడి సీజనంతా కలిపితే ఎన్ని పెళ్ళిళ్ళో నాకు తెలుసు. పైగా కిందటేడు కొన్న డ్రోనుకి ఇంకా కట్టుకుంటూనే ఉన్నాడు. "రెండు వారాలు ఆగరా, చూసి చెప్తా" అన్నాను.

మొదట ఆ అంకె సంగతి చూద్దాం. మైనస్ 6.5 అన్నది 2020లో వచ్చిన కెనాన్ ఆర్6కి ఇచ్చిన అంకె. కింద చిన్నక్షరాల్లో షరతులున్నాయి: ఎఫ్/1.2 లెన్సు, మధ్యలో ఉన్న ఏఎఫ్ పాయింటు, వన్-షాట్ మోడు, ఐఎస్ఓ 100, 23 డిగ్రీల ఉష్ణోగ్రత. అంటే కదలని వస్తువు మీద, ఫ్రేము నడిమధ్యన, ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే పద్ధతిలో, ఆ బాడీతో పోటీ పడే ధర ఉన్న లెన్సు తగిలించి కొలిచినది. అందులో కన్ను ఎక్కడుంది? ఎక్కడా లేదు. నికాన్ వారి మైనస్ 10 కూడా ఇలాగే, ఎఫ్/1.2 లెన్సుతో, ఏఎఫ్-ఎస్ మోడులో కొలిచినదే. సోనీ వాళ్ళు తమ ఏ7 ఫోర్‌కి మైనస్ 4 అని ఇచ్చినది ఎఫ్/2 లెన్సు లెక్కన. ఎఫ్/1.2కీ ఎఫ్/2కీ మధ్య ఒకటిన్నర స్టాపు తేడా ఉంది కాబట్టి, మైనస్ 6.5కీ మైనస్ 4కీ మధ్య కనిపించే రెండున్నర స్టాపుల తేడాలో సగానికి పైగా లెన్సుదే. మావాడి దగ్గరున్నదేమో 24-105 ఎఫ్/4. ఎఫ్/1.2తో పోలిస్తే దానిలోంచి వచ్చే వెలుతురు పదకొండో వంతు. ఈఎమ్ఐ మీద కొనే ఆ బాడీకి ఈ లెన్సే తగిలిస్తే మైనస్ 6.5 అన్నది అట్టపెట్టె మీదే మిగిలిపోతుంది.

అసలు మైనస్ 6.5 అంటే ఎంత చీకటి? 0 ఈవీ అంటే సుమారు 2.5 లక్స్. ఒక్కో ఈవీ తగ్గినకొద్దీ అందులో సగం, మళ్ళీ సగం. నిండు పున్నమి వెన్నెల మహా అయితే మైనస్ 3. మైనస్ 6.5 దగ్గర ఎఫ్/1.2 పెట్టి, ఐఎస్ఓ 51200 దాకా లాగినా షట్టరు పావు సెకను తెరిచి ఉంచాలి. ఫోకస్ అద్భుతంగా కుదిరినా పెళ్ళికూతురు ఊపిరి పీల్చుకుంటే చాలు, బొమ్మ అలుక్కుపోతుంది. అయినా మైనస్ 6.5లో పెళ్ళి చేసుకునేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. ట్యూబులైటు వెలిగే హాలు 5 ఈవీ అటూ ఇటూ ఉంటుంది. వీడియో వాళ్ళ లైటు పక్కకి తిరిగిన క్షణంలో మండపం 2, 3 దగ్గరికి పడిపోతుంది. మనకి కావలసిన పరీక్ష అక్కడ జరగాలి. రివ్యూలలో అది తప్ప అన్నీ ఉంటాయి.

ఇక లోపల ఏం జరుగుతుందన్నది మన సాఫ్టువేరు బుర్రలకి ఇట్టే ఎక్కే విషయం. ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, సెన్సరు మీంచి వచ్చే లైవ్ బొమ్మలో ఇదిగో ముఖం, ఇదిగో కన్ను అని గుర్తించడం. ఇది న్యూరల్ నెట్‌వర్కు పని. రెండోది, ఆ కన్ను ఉన్న చోట ఫోకస్ ఎంత ముందుకో వెనక్కో ఉందో కొలిచి లెన్సుని జరపడం. ఇది సెన్సరు మీదున్న ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్ళ పని. మొదటి పనికి బొమ్మ అంత శుభ్రంగా ఉండక్కర్లేదు, మసగ్గా ఉన్నా ముఖం ముఖమే కదా. రెండో దానికి మాత్రం గీతలు, అంచులు, కాంట్రాస్టు కావాలి. చీకట్లో అవే ముందు మాయమవుతాయి. అందుకే కంటి మీద ఆకుపచ్చ డబ్బా రాయిలా నిలబడి ఉంటుంది, తీరా ఫోటో పెద్దది చేసి చూస్తే ఫోకస్ చెవి మీద ఉంటుంది. స్టేటస్ 200 ఓకే ఇచ్చి, బాడీలో ఎర్రర్ మెసేజీ పంపే సర్వీసుల్లాగా అన్నమాట. మనలో అలాంటివి రాయనివారెవరు :)

మన రివ్యూ వీరులు చేసే పరీక్ష ఏమిటంటే, స్క్రీను రికార్డు చేసి డబ్బా కంటి మీద ఎలా అతుక్కుని ఉందో చూపించడం. అంటే స్టేటస్ కోడు చూసి టెస్టు పాసని రాసేయడం. తీసిన ఫోటోలు నూరు శాతం జూములో చూసి ఎన్ని నిజంగా కుదిరాయో లెక్కపెట్టేవాళ్ళు చాలా తక్కువ. ఎందుకంటే అది బోరు కొట్టే పని, దానికి వ్యూలు రావు.

ఆ బోరు పని నేను చేశాను. రెండు శనివారాల రాత్రుళ్ళు, మా హాల్లో. మూడేళ్ళనాటి నా మిర్రర్‌లెస్, 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, అరువు తెచ్చిన ఒక ఎఫ్/4 జూము, దూరం జరపగలిగే ఒక టేబుల్ ల్యాంపు, ఓపిక కలిగిన మా ఆవిడ. వెలుతురు 5, 2, 0 ఈవీ అని మూడు మెట్లు. మీటన్నిటిమీదా ముప్పయ్యేసి ఫోటోలు. ప్రతి ఫోటోకీ ముందు కెమెరాని దగ్గరున్న నా చేతి మీదకి ఫోకస్ చేసి చెడగొట్టడం. ఇది చెయ్యకపోతే మొదటి ఫోటోకి కుదిరిన ఫోకస్సే మిగతా ఇరవైతొమ్మిదికీ మార్కులు తెచ్చేస్తుంది. ఏఎఫ్ సహాయానికి వెలిగే చిన్న దీపం ఆపేశాను. చాలా కెమెరాల్లో కంటిన్యువస్ మోడులో అదెలాగూ వెలగదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 0 ఈవీలో షట్టరు తగ్గిస్తే బొమ్మ కదిలిపోతుంది, ఐఎస్ఓ పెంచితే నాయిసు కమ్మేస్తుంది. ఇక ఫోటో పాడవడానికి ఫోకస్ కారణమో కాదో ఎలా తేలుతుంది? మన డీబగ్గింగు సూత్రమే, ఒకసారి ఒకే వేరియబుల్ మార్చాలి. అందుకని ఫ్లాషుని సీలింగు మీదకి తిప్పి పెట్టాను. ఫోకస్ కుదిరేది ఫ్లాషు వెలగకముందు, అంటే చీకట్లోనే. ఫోటో మాత్రం ఫ్లాషు వెలుగులో కడిగిన ముత్యంలా వస్తుంది. 1.5 మీటర్ల దూరంలో 85 ఎంఎం, ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం మూడు సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి కంటిమీద పడిందో చెంపమీద పడిందో దాచుకోలేదు. ఎవరైనా ఈ పరీక్ష చెయ్యదలిస్తే ఈ ఫ్లాషు కిటుకు మాత్రం వదలొద్దు.

5 ఈవీలో తప్పులు దాదాపు లేవు. 2 ఈవీలో మా ఆవిడ సూటిగా కెమెరా వంక చూసినంతసేపూ ఫరవాలేదు. తల దించుకుని రెప్పలు వాల్చగానే కథ మారింది, సగానికి సగం గురి తప్పాయి. కనుబొమ్మ మీద, ముక్కు మీద, ఒక్కోసారి వెనకున్న కుర్చీ మీద. నా అనుమానం ఏమిటంటే, చాలా సెన్సర్లలో ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్ళు నిలువు గీతల్ని బాగా చూస్తాయి, అడ్డగీతల దగ్గర తడబడతాయి. వాల్చిన రెప్ప, కాటుక గీత, కనుబొమ్మ, అన్నీ అడ్డగీతలే కదా! కెమెరాని నిలువుగా తిప్పి పట్టుకుంటే సెన్సరు లెక్కన అవి నిలువు గీతలవుతాయి. తిప్పి చూస్తే గురి తప్పినవి బాగా తగ్గాయి. 2022 నాటి ఓఎం-1లోనూ, 2024 నాటి కెనాన్ ఆర్1లోనూ రెండు దిక్కులా చూసే క్రాస్-టైప్ పద్ధతి పెట్టారంటే వాళ్ళకీ ఈ నొప్పి తెలుసన్నమాటే.

0 ఈవీలో ఎఫ్/1.8 లెన్సు రొప్పుతూ రోజుతూ అయినా సగం పైన లాక్కొచ్చింది. అన్నిటికంటే నాకు పనికొచ్చిన ఫలితం ఇదీ: 2 ఈవీలో ఎఫ్/4 జూము, 0 ఈవీలో ఎఫ్/1.8 కంటే అధ్వాన్నం. లెక్క కూడా సరిపోతుంది, రెండు లెన్సుల మధ్య 2.3 స్టాపుల తేడా ఉంది. అదే బాడీ, అదే సాఫ్టువేరు.

ఇంకోటి. మా ఆవిడ విసిగిపోయి "మీరు కూర్చోండి, నేను తీస్తా" అంది. నేను కాస్త నలుపు, ఈ విషయం మా అమ్మమ్మ నా బారసాలనాడే ధ్రువీకరించింది. అదే ల్యాంపు, అదే దూరం. డబ్బా నా కన్ను దొరక్క ముఖం చుట్టూ తచ్చాడింది. ల్యాంపు బాగా దగ్గరికి జరిపితే గానీ కుదరలేదు. నల్లని చర్మం తక్కువ వెలుతురు వెనక్కి పంపుతుంది కాబట్టి ఇందులో కొంత భౌతికశాస్త్రమే. కొంత మాత్రం ఆ నెట్‌వర్కుకి ఎవరి ముఖాలు చూపించి నేర్పారన్నదాన్ని బట్టి ఉంటుంది, అది కంపెనీలు చెప్పవు. కోడాక్ వారి రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డులని తెల్లజాతి అమ్మాయి ఫోటో వాడేవారు, దశాబ్దాల పాటు అదే కొలబద్ద. 2009-10లో ఒక నికాన్ కూల్‌పిక్స్ తూర్పు ఆసియావాళ్ళ ముఖాలు చూసి 'ఎవరైనా కళ్ళు మూశారా?' అని అడుగుతోందని గొడవయింది. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ చేసిన జెండర్ షేడ్స్ అధ్యయనంలో, ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్టువేర్లు తెల్లటి మగవాళ్ళ విషయంలో 0.8 శాతానికి మించి తప్పు చెయ్యకపోతే, నల్లని ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా తప్పాయి. అది కెమెరా ఫోకస్ గురించి కాదు, నిజమే. కానీ టెస్టు డేటాలో లేనివాడు ప్రొడక్షనులో ఏమవుతాడో తెలియడానికి అది చాలు.

మన పెళ్ళి సంగతి చూడండి. నుదుటి మీద బాసికం, కళ్ళకి కాటుక, దించిన తల, మధ్యలో అడ్డుతెర, హోమం పొగ, వెనక సీరియల్ లైట్ల మిణుకు, పక్కనే కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా కెమెరా వంకే చూస్తున్న పురోహితులుగారు. ఐ-ఏఎఫ్ ఎవరిని ఎంచుకుంటుంది? జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. యూట్యూబులో నల్ల టీషర్టు వేసుకుని సోఫాలో కూర్చుని నవ్వే కుర్రాడి మీద పాసైన టెస్టు దీనికి ఏ మూలకి? మనవాళ్ళలో బెంగుళూరు, హైదరాబాదుల్లో కూర్చుని ఫోన్ల కెమెరాలకి ఇలాంటి కోడే రాసేవాళ్ళు బోలెడుమంది. ఒక్క ముహూర్తానికి వెళ్ళి టెస్టు సెట్టు పోగేసుకోవడం పెద్ద బడ్జెట్టు అడిగే పని కాదు. భోజనం కూడా వాళ్ళే పెడతారు.

మా తమ్ముడికి చెప్పింది ఇంతే: బాడీ వద్దు. సెకండ్ హ్యాండులో ఒక 85 ఎఫ్/1.8 చూసుకో, జీలకర్ర-బెల్లం టైముకి అది తగిలించు. కొన్ని కెమెరాలు మనం పెట్టిన ఎపర్చరుకే మూసుకుని ఫోకస్ వెతుకుతాయి, చీకట్లో ఎఫ్/5.6 పెట్టి దాన్ని గుడ్డిదాన్ని చెయ్యకు. కెమెరా నిలువుగా పట్టుకో. పురోహితులుగారి వైపు ఫోకస్ ఏరియాని కోసెయ్. వీడియో కుర్రాడికి ఆ పది నిముషాలు లైటు తిప్పొద్దని ముందే చెప్పుకో. "అంతేనా?" అన్నాడు కాస్త నిరాశగా. కొత్త బాడీ మీద మోజు అంత తేలిగ్గా పోదు, నాకు తెలియనిదా.

కళ్ళజోళ్ళ సంగతి ఇంకా మిగిలే ఉంది. అద్దంలో ల్యాంపు మెరిసినప్పుడు ఫోకస్ కంటి మీద పడుతోందా, ఆ మెరుపు మీద పడుతోందా అన్నది తేల్చాలి. దానికి మా మావగారిని అడిగాను, సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చుంటానన్నారు. ఈలోగా మీ దగ్గర వేరే కెమెరా ఉండి 2 ఈవీలో ఈ ఫ్లాషు పద్ధతిలో ముప్పై ఫోటోలు తీసే ఓపిక ఉంటే, ఏ లెన్సుతో ఎన్ని కుదిరాయో రాయండి. డబ్బా ఎక్కడ కనిపించిందో మాత్రం నాకు అక్కర్లేదు.