హీరోలు వాళ్లు, ఎక్స్‌ట్రా నేను!

అమలగారు 1992లో హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ స్థాపించి మూగజీవాలను చేరదీసిన సంగతి పాఠకులకు కొత్తేమీ కాదు. మా బండి ఆత్మకూరులో అంత సంస్థ ఎక్కడిది? మా అమ్మ ఉందిగా!

వానలో వణుకుతున్న రెండు బుల్లి కుక్కపిల్లల్ని తెచ్చాను. "లోపలికి తెచ్చినావో, చూడు!" అన్న అమ్మే వారం తిరక్కముందే పెరుగన్నం కలిపింది. ఇప్పుడు మంచం వాళ్లది, చాప నాది!

మొన్నామధ్య ముద్దుకొద్దీ ఉల్లిగడ్డ కూర పెడితే చిన్నది నాలుగు రోజుల్లో నీరసించి పడిపోయింది. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయని నంద్యాలలో పశువుల డాక్టరు చీవాట్లు పెట్టాడు. మూడు రాత్రులు అమ్మ దాని పక్కనే కూర్చుంది. నాలుగోనాడు తోక ఊపింది, అమ్మ ఏడ్చేసింది.

గారాబం చేయండి, కాదనను. మీ కంచంలోది మాత్రం పెట్టకండి. ఏమంటారు?