గొంతు చేరినంత మేర

గంభీరంగా, గట్టిగా మోగే గొంతును ఇంగ్లీషులో ‘స్టెంటోరియన్’ అంటారు. ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడు. ట్రాయ్ యుద్ధంలో గ్రీకు సేన తడబడుతున్న వేళ హీరా దేవత స్టెంటర్ రూపు దాల్చి వాళ్లను గద్దిస్తుంది. ఏభై మంది ఒక్కసారిగా అరిస్తే ఎంతో, అతని గొంతు ఒక్కటే అంత. ‘ఇలియడ్’ మొత్తంలో స్టెంటర్ ఊసు ఆ ఒక్కచోటే, అయిదో సర్గలో వస్తుంది. హోమర్ అతన్ని కంచుగొంతు వాడన్నాడు. మనమూ కంచుకంఠమనే అంటున్నాం.

ఆ పేరును అరిస్టాటిల్ ఇంకో దారి పట్టించాడు. నగరం ఎంత పెద్దదిగా ఉండాలన్న చర్చలో, జనం మరీ ఎక్కువైతే స్టెంటర్ గొంతు లేనివాడు వాళ్లకు చాటింపు ఎలా వేస్తాడని అడిగాడు. ఊరికి పొలిమేర గోడలు కావు, మనిషి గొంతు చేరినంత మేర! ఎంత చక్కని ఆలోచన! మన ఊళ్లలోనూ డప్పు కొట్టి చాటింపు వేసే మనిషి కూడలి కూడలికీ ఆగేవాడు.

ఆ మేరను నిజంగానే కొలిచిన వాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1739లో అమెరికా వచ్చిన మతబోధకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో కోర్టు మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్నాడు. ఫ్రాంక్లిన్ గుంపు చివర నుంచి నది వైపు ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ వెళ్లాడు. నది దగ్గరి వీధి రొద కమ్మేసేదాకా మాటలు స్పష్టంగా వినిపించాయి. అంత దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని అర్ధవృత్తం ఊహించి, మనిషికి రెండు చదరపు అడుగుల చొప్పున లెక్కేస్తే ముప్ఫై వేల మందికి పైగా వినగలరని తేలింది. పాతికవేల మందికి ప్రసంగించాడన్న పత్రికల కథనాలపై అప్పటిదాకా ఉన్న సందేహం ఆయనకు తీరిపోయింది. ఆ లెక్కలో నాకు నచ్చేది అంకె కాదు, చిట్టచివర నిలబడ్డ వినేవాడి చోటు నుంచి గొంతును కొలవడం.

అందుకే ‘స్టెంటోరియన్’ అనే విశేషణం మనిషి గొంతుకే చెల్లాలి. ఊరేగింపు బళ్ల మీద గుండె అదిరేలా మోగే స్పీకర్లకు దాన్ని తగిలించకూడదు. అక్కడ చివరి మనిషికి మాట చేర్చాలన్న తపన లేదు. పక్కవాడి మాట కూడా వినబడదు. రాత్రి పది దాటాక బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. పగలు కూడా చిన్న హాల్లో జరిగే సభలకు మైకు అక్కర్లేదు. వెనక వరసలో వాళ్లను వినిపిస్తోందా అని అడిగి, వాళ్లు తలూపాక మొదలుపెడితే చాలు.