సంతకం ఆమెది, అప్పు మనది



ఈసారి మిర్చి రేటు గురించి, మందుల గురించి రాయడం లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు నడుపుతున్న డ్వాక్రా గ్రూపుల గురించి రాస్తున్నా. "ఆళ్ళ గోల మనకెందుకులే" అని దాటేయమాకండి. చివరిదాకా చదివితే ఇది మన గోలే అని మీకే తెలుస్తది.

ముందు నా సంగతి చెప్తా.

2021 ఖరీఫ్‌లో నాకున్న ఎకరంన్నరకి తోడు మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశా. ఆ ఏడాది నల్ల తామర పురుగు మన పల్నాడు తోటల్ని ఏం చేసిందో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. పూతలో దూరి పూతంతా రాల్చేసింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. పక్క చేల వాళ్ళు కొందరు తోట దున్నేసి వేరే పంట వేసుకున్నారు. నేను ఆశ చావక జనవరి దాకా మందు కొడతానే ఉన్నా.

ఆ తోటలో పెట్టిన డబ్బులో లక్ష రూపాయలు మా ఆవిడ గ్రూపులో తీసిన బ్యాంకు లింకేజీ అప్పు. తీర్మానంలో పాడి గేదె కోసం అని రాశారు. గేదె రాలేదు. డబ్బులు అదే వారంలో కౌలుకి, మందుల కొట్టుకి పోయినయి. నెలకి మూడు వేల రెండొందల వాయిదా. పంట పోయినాక మూడు నెలలు నేను ఒక్క రూపాయి ఇవ్వలేకపోయా. మొదటి నెల ఆమె పుట్టింటి నుంచి చేబదులు తెచ్చింది. రెండో నెల కూలికి పోయి కట్టింది. మూడో నెల చేతిలో ఏమీ లేదు. ఆ రోజు మీటింగులో మిగతా తొమ్మిది మంది తలా మూడొందల యాభై చిల్లర వేసి ఆమె వాయిదా కట్టేశారు. ఆ తొమ్మిది మందిలో ఇద్దరి తోటలు కూడా మా తోటలాగే పోయినయి.

ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి, "ఆళ్ళ మొహం నేనెట్టా చూడాల" అంది. అంతే.

మందుల కొట్టాయన అప్పు అడిగితే నేను మొహం చాటేసి వేరే బజారున పోయేవాణ్ణి. ఆమెకి ఆ వీలు లేదు. నెల తిరిగేసరికి అదే అరుగు మీద, అదే తొమ్మిది మంది ముందు కూర్చోవాలి. నేను వేసిన పంటకి, నేను తీసుకున్న కౌలుకి, నేను కొట్టిన మందుకి ఆమె తల దించుకుంది. అప్పటి నుంచి ఈ గ్రూపు అనేది అసలు ఏందో నేను గమనించడం మొదలుపెట్టా.

మన దగ్గర డ్వాక్రా అంటే అప్పు ఇచ్చే కిటికీ అనుకుంటున్నాం. "మీ గ్రూపులో ఎంత వస్తది? ఎప్పుడొస్తది?" మగాళ్ళం అడిగేది ఈ రెండే. నేనూ అదే అడిగా.

దీనికి కారణం కూడా ఉంది. పట్టాదారు పాస్ పుస్తకం ఉన్న రైతుకి మూడు లక్షల లోపు పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తది, గడువులోగా కడితే 4 శాతమే పడతది. కౌలు రైతుకి అది పుట్టదు. 2019 చట్టంతో సీసీఆర్సీ కార్డులు వచ్చినయి గానీ, దానికి పొలం యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతదేమోనని ఆయన భయం. ఇక మనకి దొరికేది ఏంది? బయట నూటికి రెండు రూపాయల వడ్డీ, లేకపోతే ఇంట్లో ఆవిడ గ్రూపు. కాబట్టి పల్నాడులో కౌలు సేద్యం సగం ఈ గ్రూపుల మీద నడుస్తుందంటే నా లెక్కలో తప్పు లేదు. మీ ఊళ్ళో చూసి చెప్పండి.

కానీ ఇక్కడో తిరకాసు ఉంది. మిర్చి డబ్బులు ఏడాదికి ఒకసారి వస్తయి, అదీ ఫిబ్రవరి నుంచి మే లోపు. గ్రూపు వాయిదా నెలనెలా కట్టాలి. జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలు ఎవరు కడుతున్నారు? కలుపు కూలికి పోయి, పత్తి తీసి, పాలు అమ్మి ఆడవాళ్ళే కడుతున్నారు. మనం మాత్రం కాయ అమ్మినాక కమీషన్ కొట్టులో లెక్క చూసుకుని, ముందు మందుల కొట్టు బాకీ తీర్చి, తర్వాత కౌలు కట్టి, మిగిలితే గ్రూపుకి ఇస్తాం. వరసలో చివర ఆమె.

"ఇల్లు ఒకటే కదా, ఆమె అప్పు నా అప్పు అని తేడా ఏంది" అని కొందరు అంటారు. నేనూ అనేవాణ్ణి. ఇల్లు ఒకటే అయితే పొలం ఎవరి పేరున ఉంది? ఏ పంట వేయాలో ఎవరు చెప్తున్నారు? ఈ సంవత్సరం కాయ అమ్మాలా, ఏసీలో పెట్టాలా అని ఎవర్ని అడిగాం? అప్పు తెచ్చేటప్పుడే ఇల్లు ఒకటా?

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. డ్వాక్రా పథకం 1982లో వచ్చింది గానీ, దానికి ప్రాణం పోసింది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్ళు, కూలి డబ్బులన్నీ సారాకే పోతున్నయని కూడబలుక్కుని సారా అమ్మకం ఆపించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినయి. 1997లో మద్యం మళ్ళీ వచ్చింది, అది వేరే కథ. సారా కాపు ఆగినాక మిగిలిన డబ్బుని రోజుకి రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. దాన్నే పొదుపులక్ష్మి అన్నారు. 2000లో సెర్ప్, వెలుగు వచ్చినాక గ్రూపులన్నీ గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యగా కలిసినయి.

ఈ వరస గమనించండి. ముందు కూర్చున్నారు. తర్వాత మాట్లాడుకున్నారు. ఆ తర్వాత దాచుకున్నారు. అప్పు అన్నిటికన్నా చివర వచ్చింది. మనం చివరి దాన్ని పట్టుకుని మొదటి దాన్ని వదిలేశాం.

కూర్చోవడం లేకుండా గ్రూపు అప్పు ఎట్టా ఉంటదో కూడా మనం చూశాం. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళ మీద పడ్డయి. అక్కడా గ్రూపే, అక్కడా ఒకరికొకరు పూచీనే. కానీ పొదుపు ఆళ్ళది కాదు, పుస్తకం ఆళ్ళ చేతిలో లేదు, మాట్లాడుకునేది లేదు. వారం వారం వసూలు ఒక్కటే. ఒకామె కట్టలేకపోతే మిగతా వాళ్ళని ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టారు. ప్రాణాలు తీసుకున్నోళ్ళు ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెస్తే గానీ ఆగలేదు.

మా ఆవిడ వాయిదా ఎగ్గొట్టిన నెల ఆ తొమ్మిది మంది కూడా మా ఇంటి ముందుకి వచ్చి కూర్చోవచ్చు. రాలేదు. తలా కాస్త వేసుకున్నారు. ఎందుకు? పదిహేనేళ్ళ నుంచి నెలనెలా కలిసి కూర్చున్నారు కాబట్టి. ఎవరింట్లో ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి.

ఇంకో సంగతి. 2024 మే 13 పోలింగ్ తర్వాత మన జిల్లా ఎట్టా ఉందో దేశమంతా టీవీలో చూసింది. 144 సెక్షన్ పెట్టారు. మా ఊళ్ళో అంగళ్ళు మూసేశారు. ఎన్నాళ్ళ నుంచో కలిసి టీ తాగినోళ్ళం ఎదురుపడితే మొహం తిప్పుకున్నాం. అట్టాంటి రోజుల్లో మా ఆవిడ గ్రూపు మీటింగ్ తేదీ వచ్చింది. ఆ గ్రూపులో రెండు పార్టీల ఇళ్ళ వాళ్ళూ ఉన్నారు. వెళ్ళొద్దన్నా. "వాయిదా ఎవరు కడతారు, నువ్వు కడతావా?" అని వెళ్ళింది. పదిమందీ వచ్చారంట. మొదట పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదంట. తర్వాత ఒకామె, "వదినా, మీ పిల్లోడికి జొరం తగ్గిందా" అని అవతలి పార్టీ ఇంటామెని అడిగిందంట. మీటింగ్ అయిపోయేసరికి చీకటి పడింది. మా ఊళ్ళో ఆ రెండు వర్గాల మనుషులు మళ్ళీ ఒక చోట కూర్చుంది ముందు ఆడవాళ్ళే. మగాళ్ళం మాటలు కలపడానికి రెండు నెలలు పట్టింది.

బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టి అన్ని కులాల వాళ్ళనీ ఒక చాప మీద కూర్చోబెట్టాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. కారంపూడి వీరుల తిరునాళ్ళకి పోయి దణ్ణం పెట్టుకుంటాం. ఇప్పటికీ నెలకోసారి చాప పరిచేది మన ఆడవాళ్ళు. ఆ చాప చుట్టేయకుండా చూడటమే మనం చేయాల్సింది.

కానీ చుట్టేస్తున్నాం. ఇప్పుడు చాలా గ్రూపుల్లో మీటింగ్ అంటే పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకోవడం. వాయిదా ఫోన్‌లో కొట్టేస్తున్నారు. అది సుఖమే, కాదనను. కానీ ఎవరి పేరున ఎంత అప్పుందో పదిమందిలో ముగ్గురికి కూడా తెలియట్లేదు. అట్టాంటి చోటే లెక్కలు తేడా వస్తయి, తగాదాలు వస్తయి. ఇక ఏ జెండా సభ జరిగినా జనం కావాలంటే ముందు గుర్తొచ్చేది డ్వాక్రా వాళ్ళే. అన్ని పార్టీలదీ అదే దారి. ఎన్నికలప్పుడు మాఫీ మాట వినపడితే వాయిదాలు ఆగుతయి. 2014లో అట్టాగే ఆగినయి, తర్వాత వడ్డీ పెరిగి మోసింది ఆడవాళ్ళే.

"అప్పు లేకపోతే మీటింగుకి ఎవరొస్తారు?" అనే ప్రశ్న న్యాయమైందే. ఈ అప్పుతో పిల్లల్ని చదివించినోళ్ళు, గేదెలు కొన్నోళ్ళు, కుట్టు మిషను పెట్టుకున్నోళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. అప్పు వద్దని నేననట్లేదు. అప్పు మాత్రమే అయితే వద్దంటున్నా.

జహీరాబాద్ వైపు పస్తాపూర్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలున్నయి. ఎక్కువ మంది దళిత ఆడవాళ్ళు. బీడు భూములు కలిసి కౌలుకి తీసుకుని జొన్న, కొర్ర, పప్పులు పండించారు. విత్తనం దాచుకున్నారు. 2008లో సొంతంగా రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్ళు కూడా గ్రూపుగా పొలం కౌలుకి తీసుకుని సేద్యం చేస్తున్నారు. అక్కడ అప్పు తెచ్చేదీ ఆడవాళ్ళే, పంట ఏదో చెప్పేదీ ఆడవాళ్ళే. మన దగ్గర మొదటిది ఉంది, రెండోది లేదు.

మరి మనమేం చేయాలి? నేను చేస్తున్నవి, చేయాలనుకుంటున్నవి నాలుగు చెప్తా.

ఒకటి. గ్రూపు డబ్బు పొలంలో పెడితే, పంట వేయకముందే ఇద్దరూ కూర్చుని లెక్క రాసుకోండి. ఎన్ని ఎకరాలు, ఎంత ఖర్చు, పంట పోతే వాయిదా ఎట్టా కడతాం. నేను గత రెండేళ్ళ నుంచి కౌలు మూడెకరాల నుంచి ఎకరానికి తగ్గించా. అది మా ఆవిడ చెప్పిన మాట. నష్టం రాలేదు.

రెండు. కాయ అమ్మిన డబ్బులో మొదటి కట్ట గ్రూపుది. మందుల కొట్టు తర్వాత. వచ్చే ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టి ఆమె చేతికి ఇవ్వండి. అప్పు తీసుకునేటప్పుడే ఇంకో మాట అడగమనండి. నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి కట్టే పద్ధతి కూడా రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. గ్రూపంతా కలిసి తీర్మానం రాసి అడిగితే బ్యాంకు వాళ్ళు ఆలోచించాల్సిందే. మిర్చి, పత్తి ఊళ్ళకి అదే నప్పుతది.

మూడు. మీటింగ్ రోజు సాయంత్రం గేదె పాలు మనం పిండుదాం. కూర మనం వండుదాం, రాకపోతే నేర్చుకుందాం. "ఇంకా రాలేదేంది" అని ఫోన్ చేయొద్దు. రెండు గంటలు కూర్చోనిద్దాం. పుస్తకం గట్టిగా చదివి వినిపించుకోమని చెప్దాం.

నాలుగు. ఇది కష్టమైంది. పొలంలో కొంతైనా ఆమె పేరున రాద్దాం. కౌలు కార్డు వస్తే ఆమె పేరున తీసుకుందాం. ఆడపిల్లకి తండ్రి ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం ఇరవై ఏళ్ళు ముందుంది, మన ఇళ్ళు నలభై ఏళ్ళు వెనకున్నయి. నేను ఎకరంన్నరలో అర్ధెకరం మా ఆవిడ పేరున రాయించడానికి కాయితాలు పెట్టా. మా అన్నదమ్ములకి అది నచ్చలేదు. అయినా ఆపను.

ఆ తొమ్మిది మంది కట్టిన వాయిదా డబ్బు తర్వాతి వేసవిలో మా ఆవిడ ఒక్కొక్కరికీ తిరిగి ఇచ్చేసింది. నేను వాళ్ళలో ఎవరికీ ఇంతవరకు థాంక్స్ కూడా చెప్పలేదు. బజార్లో ఎదురుపడితే తల వంచుకుని పోతుంటా. ఈ పోస్టు వాళ్ళ పిల్లల ఫోన్లలోకి ఎట్టాగూ వస్తది. అమ్మా, అక్కల్లారా, ఆ నెల మీరు కట్టింది నా అప్పు. దణ్ణం.

మీ ఇంట్లో గ్రూపు వాయిదా ఈ నెల ఎవరి డబ్బుతో కట్టారో ఒకసారి అడిగి చూడండి. ఆమె ఏం చెప్పిందో వీలైతే ఇక్కడ రాయండి. నా మాట తప్పయితే అది కూడా రాయండి, దిద్దుకుంటా.